అన్నిటికన్నా చిన్నది

"దాన్ని తీసుకోకమ్మా," అన్నాడు మాసిన టోపీ పెట్టుకున్న ముసలాయన.

ఆ మాట అనడం అప్పటికి మూడోసారి. ఆమె వినిపించుకోలేదు.

గుర్రాల అమ్మకాల ఆవరణలో పొద్దుటినుంచి తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. ఆమెది బుల్లి గుర్రాల పెంపకం. రెండేళ్లుగా లాయంలో పుట్టిన ప్రతి పిల్లా తల్లిని మించి ఎదిగిపోతోంది.

"గాడిదలు పెంచుతున్నావా వదినా?" అని మరిది నలుగురిలో నవ్వాడు. ఇంకొక్క ఈత చూసి, ఆ పుట్టే పిల్లా అలాగే ఎదిగితే లాయం మూసేద్దామని భర్త తేల్చేశాడు.

ఆ ఒక్క ఈతకు కావలసిన ఆడగుర్రం ఇప్పుడు కళ్లముందుంది. గోధుమరంగు. వెన్ను ఆమె మోకాలికి జానెడు పైన, అంతే.

"పెంచుకోడానికా, ఈతకా?" అడిగాడు ముసలాయన.

"మీకెందుకండీ?"

"ఈతకైతే వద్దు. పెదవి ఎత్తి చూడు, కింది పళ్లు ముందుకొచ్చేశాయి. దీనికి పిల్ల సరిగ్గా పుట్టదు."

"ఇంత బుల్లిదాన్ని ఎక్కడైనా చూశారా మీరు?"

"అంత చిన్నది కావడమే దాని జబ్బమ్మా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పానకంలో పుడకలా ఈయనెక్కడ దాపురించాడు? ఇందాక ఇద్దరు దీన్ని చూడ్డానికొచ్చి, ఈయనతో మాట్లాడి వెళ్లిపోవడం తను కళ్లారా చూసింది. అందర్నీ బెదరగొట్టి చివరికి కారుచౌకగా తనే కొట్టేద్దామని కాబోలు!

"నేను వదిలేస్తే మీరు తోలుకుపోదామనేగా?"

ముసలాయన నివ్వెరపోయాడు. "అది కాదమ్మా, ఆ గుర్రం..."

"మేనేజర్ గారూ!" ఆమె కేకేసింది. "ఈయన్ని పంపిస్తారా, నన్ను పొమ్మంటారా?"

మేనేజరు నవ్వుకుంటూ వచ్చి, ముసలాయన భుజంమీద చెయ్యేసి గేటుదాకా నడిపించాడు.

ఆమె ఆ గుర్రాన్నే కొన్నది.

చూలు నిలిచాక పదకొండు నెలలూ దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. తీరా ఈత రోజున పిల్ల తల అడ్డుపడింది. డాక్టరు బయటికి తీసేసరికి ఊపిరి లేదు. ఉబ్బిన నుదురు, వంకర కాళ్లు.

"దీన్ని ఈతకు ఎవరిచ్చారండీ మీకు?" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

మర్నాడే ఆమె అమ్మకాల ఆఫీసుకు వెళ్లి బల్ల గుద్దింది. పాత మేనేజరు లేడు. గుమాస్తా ఆవిడ ఒక్కతే ఉంది.

"ఆ గుర్రాన్ని నాకు అంటగట్టిన యజమాని ఎవరు? మొహంమీదే అడిగేసి పోతాను."

"ఆయన పోయి ఆర్నెల్లయిందండీ," అంది గుమాస్తా ఆమెను గుర్తుపట్టి. "అంటగట్టింది ఆయన కాదు. పిల్లలున్న ఏ ఇంటికో ఇద్దామని తెచ్చాడు. ఎక్కువ పలుకుతుందని మేనేజరే అమ్మకం చీటీలో 'ఈతకు' అని రాశాడు. చీటీ మెడలో కట్టాక సాయంత్రందాకా గుర్రాన్ని వెనక్కివ్వం, ఇక్కడి రూలది."

"మరి నాతో ఒక్కమాట చెప్పడానికేం రోగం?"

గుమాస్తా గేటువైపు చూపించింది.

"చెప్పాడు కదండీ. ఆ రోజు మీరు గేటు బయటికి పంపించింది ఆయన్నే."