తర్వాతి పాట

"వేగం పెంచన్నయ్యా! ఇది డాన్సా, ఆసుపత్రి వరండాలో నడకా?" చెల్లెలు కింద నుంచి అరిచింది.

డీజేకి రోషం వచ్చింది. అయినా ఆమె అన్నది నిజమే. నిమిషానికి నూట పది దెబ్బల పాటకి జనం ఆవలిస్తున్నారు. నేలమాళిగలో హాలు, పైగా మిట్టమధ్యాహ్నం. వేగం మీట పైకి జరిపాడు. నూట ఇరవై ఎనిమిదికి కాళ్లు కదిలాయి. నూట నలభైకి చేతులు లేచాయి, ఈలలు మొదలయ్యాయి. డీజే అంటే ఇదీ అనుకుని మురిసిపోయాడు. బయటి మోత లోపలికి రానివ్వని హెడ్‌ఫోన్ చెవులకు బిగించి, తర్వాతి పాటను తనొక్కడే వింటూ సిద్ధం చేసుకోసాగాడు.

కాసేపటికి చెల్లెలు వేదికెక్కి చెయ్యి చాపింది. గుండె వేగం చూపించే వాచీలో నూట నలభై ఉంది.

"గెంతితే పెరగదా మరి?"

"ఎప్పుడో మానేసి కూర్చున్నాను. తగ్గట్లేదు!" ఆమె పెదాల కదలికను బట్టే అర్థమైంది అతనికి.

నవ్వుతూ మీట నూట ముప్పైకి దించాడు. వాచీ కూడా నూట ముప్పై చూపించింది. నూట ముప్పై ఐదుకి పెంచాడు. వాచీలోనూ అంతే. అతని నవ్వు ఆగిపోయింది.

"ఆపెయ్యన్నయ్యా, భయమేస్తోంది!"

ఆపేశాడు. హాలంతా నోళ్లు తెరుచుకుని బొమ్మల్లా నిలబడిపోయింది. ఎవరూ ఊపిరి తీయడం లేదు. వాచీలో సున్నా. చెల్లెలు కుప్పకూలుతుంటే పాట మళ్లీ మోగించాడు. అందరూ ఒక్కసారిగా ఎగశ్వాస తీశారు. తన గుండె మాత్రం ఇంతసేపూ బాగానే కొట్టుకుంది. ఎందుకో ఆలోచించే తీరిక ఎక్కడిది?

"టక్కున ఆపితే చచ్చిపోతాం," చెల్లెలు ఏడ్చేసింది. "మెల్లగా దించు. చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించు."

దేవుడా దేవుడా అనుకుంటూ మీటను వెంట్రుకవాసి చొప్పున దించాడు. నూట ఇరవై, వంద, డెబ్బై రెండు. జనం నిద్రలో ఉన్నట్టు ఊగుతున్నారు. తర్వాత శబ్దాన్ని కూడా కొంచెం కొంచెంగా తగ్గించాడు. స్పీకర్లు పూర్తిగా మూగబోయాయి. వాచీలో అంకె ఆగలేదు. డెబ్బై నాలుగు. డెబ్బై ఒకటి. డెబ్బై ఆరు.

"బతికాం! దాని ఇష్టప్రకారం అదే కొట్టుకుంటోంది!" చెల్లెలు అన్నని వాటేసుకుంది. కింద జనం మాత్రం ముగింపు మరీ చప్పగా ఉందని సణుక్కుంటూ తలుపు వైపు నడిచారు.

"పద, అమ్మ ఎదురుచూస్తుంటుంది," అని చెల్లెలు సైగ చేసింది.

"వస్తున్నా, సామాను సర్దనీ." అతను చెమట తుడుచుకున్నాడు. హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట ఇంకా అతని చెవుల్లో దడదడా మోగుతూనే ఉంది.

అలవాటు కొద్దీ దాన్ని టక్కున ఆపేశాడు.