మాల్యాద్రి మెడ

“మామా, నా మెడ లేవడంలా!”

మంచం మీద కూర్చున్న మాల్యాద్రి గడ్డం రొమ్ముకు అతుక్కుపోయినట్టుంది. ఎటు తిప్పబోయినా ప్రాణం జివ్వుమంటోంది.

పెళ్ళిళ్ళ పేరయ్య హజరత్తయ్య పరుగున వచ్చాడు. బస్సు బడలికతో మొహం వాడిపోతే పెళ్ళిచూపుల్లో బాగుండదని, పెళ్ళికొడుకును ముందురోజే గూడూరు నుంచి వాకాడు రప్పించి తన ఇంట్లో పడుకోబెట్టింది ఆయనే. దిండును వేలితో పొడిచి చూసి భార్య మీద విరుచుకుపడ్డాడు.

“ఏమే పిచ్చమ్మా, ఇది దిండా, ఉప్పు బస్తానా? ఇంత బూరుగుదూది కూరితే మనిషి మెడ ఏం గావాల?”

పిచ్చమ్మ ఆముదం కాచి తెచ్చింది. రుద్దేకొద్దీ కేకలు లేచాయి గాని మెడ లేవలేదు.

“నేను రాను మామా. పిల్ల మొహం చూడకుండా ఎట్టా ఒప్పుకునేది?”

“చూసి ఏం బావుకున్నావు నాయనా? కోట ఊళ్ళో పిల్లనొదిలేసి వాళ్ళ కొత్త రేడియోను చూస్తివి. నాయుడుపేటలో పిల్ల పక్కనున్న అక్కను చూస్తివి. దిక్కులు చూసేవాడికి పిల్లనియ్యం పొమ్మన్నారు. ఇదీ తప్పితే ఇంక నీ పెళ్ళి మాట ఎత్తనని మీ నాయన ఒట్టు పెట్టినాడు. ఈపాటికి ఆయన బస్సు దిగి వాళ్ళింట్లో కూర్చోనుంటాడు. లెయ్!”

పిల్ల ఇంట్లో చాప మీద కూలబడ్డాడు మాల్యాద్రి. అతనికి కనిపించిన లోకమల్లా చాప అంచు, తన మోకాళ్ళు, ఒక చీమలబారు. ఇంతలో పసుపు రాసిన పాదాలు వచ్చి ఎదురుగా ఆగాయి. పాదాలు బాగానే ఉన్నాయి. పైన ఏముందో!

“పిల్లనేమన్నా అడుగు నాయనా,” అన్నాడు పిల్ల తండ్రి గంగులయ్య.

“పేరేంది?” అని చీమల్ని అడిగాడు మాల్యాద్రి.

పైనుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది. “వెంకటశేషమ్మ” అంటూ పిల్ల కాఫీ గ్లాసు కింద పెట్టడానికి వంగింది. నవ్వాపుకోలేని ఆ మొహం సరిగ్గా అతని చూపు కిందికే వచ్చింది. సొట్టబుగ్గలు! మాల్యాద్రికి మెడనొప్పి గుర్తే లేదు.

“చూసినారా, ఒక్కసారన్నా తలెత్తినాడా!” పిల్ల నాయనమ్మ మురిసిపోయింది. “ఈ కాలంలో ఇంత అణకువా! తాంబూలాలు తేండి.”

వీడికి బుద్ధెప్పుడొచ్చిందని మాల్యాద్రి తండ్రి నోరు తెరిచాడు.

తాంబూలాలయ్యాక, ముందుగా వెళ్ళిన హజరత్తయ్యకు దణ్ణం పెట్టుకుని సంచి తెచ్చుకుందామని మాల్యాద్రి ఆయన ఇంటికి గెంతుతూ వెళ్ళాడు. దారిలో గేదెను గుద్దుకుని, దానికీ ఒక దణ్ణం పెట్టాడు. వంగిన మెడతోనే గడప దగ్గరికి చేరేసరికి లోపల పిచ్చమ్మ గొంతు వినబడింది.

“రేపు దొరవారిసత్రం నుంచి పెళ్ళికొడుకొస్తాడంటిరి గదా, పక్క ఎట్టా వేసేది?”

“వాడు వీడికన్నా దిక్కులు చూసే రకం, దిండులో ఇంకో గుప్పెడు దూది కూరు.”