ఆఖరి చెంచా

"చేదుంది" అంది నీలా, బేసిన్‌లో ఉమ్మేసి.

స్వప్న పెన్ను బల్లమీద పెట్టేసింది. మిగతా పదకొండు మందీ చేదు లేదనే రాశారు.

కోదాడలోని ఫార్మసీ కాలేజీలో అది స్వప్న ఆఖరి ఏడాది ప్రాజెక్టు. మూర్ఛ వచ్చే పిల్లలకు రోజూ తాగించే మందు. చేదుకు పిల్లలు ఉమ్మేస్తారు. మందు తప్పితే మూర్ఛ మళ్లీ వస్తుంది.

అందుకే మందు కలిపిన సన్నటి నీటి బొట్లను మిర్యాలగూడ తవుడు నూనె బొట్లలో దాచి, వాటిని తీపి నీళ్లలో కలిపింది. నాలుక మీద ఆ నూనె పొర విడకూడదు. లోపలికి పోయాకే మెల్లమెల్లగా విడాలి.

రుచి చూడటానికి మనుషులు కావాలని నోటీసు పెడితే వచ్చింది నీలా. పెన్‌పహాడ్ దగ్గరి తండా నుంచి రెండు బస్సులు మారి, ప్రతిసారీ వస్తోంది.

"అందరికీ తియ్యగుంటే నీకొక్కదానికే చేదా నీలమ్మా?"

"వాళ్లకు ఇయ్యాల చేసింది ఇచ్చిన్రు మేడమ్. నేను గా కిటికీల సీసాలది తీసుకున్న."

"అది మూడు వారాల కిందటిది! ఎవరు తీసుకోమన్నారు?"

"సీసా నెల దాకా వస్తది గదా. మొదటి చెంచా తియ్యగుండి, ఆఖరి చెంచా చేదైతే ఏం ఫాయిదా?"

పక్క బల్ల దగ్గర క్లాస్‌మేట్ రాకేష్ నవ్వాడు. "టీ బిస్కెట్లకు ఇంకో నాలుగుసార్లు రావొచ్చని ప్లాను."

"బిస్కెట్లు నువ్వే తిను సారూ. మందు జర సక్కగ చెయ్యిన్రి."

ప్రాజెక్టు ఇచ్చేయడానికి పది రోజులే ఉంది. స్వప్నకు ఒళ్లు మండింది.

"ఇక నువ్వు రావద్దు. పదకొండు మంది సంతకాలు చాలు నాకు."

నీలా సంచి భుజానికి తగిలించుకుంది.

"కాగితం మీద తియ్యగుందని రాసుకోన్రి మేడమ్. నాలిక ఒప్పుకోదు."

ఆమె వెళ్లాక స్వప్న కిటికీలోని సీసా మూత తీసి, ఒక్క చుక్క నాలుకకు తాకించింది.

గొంతుదాకా చేదు.

మైక్రోస్కోపులో చూస్తే నూనె బొట్లలో సగం ఖాళీ. రుచి కోసం బయటి నీళ్లలో తాను పోసిన చక్కెరే, లోపలి నీళ్లను మందుతో సహా బయటికి లాగేస్తోంది.

"ఇప్పుడు ఇవ్వకుంటే ఆరు నెలలు పోతయ్, తెల్సా?" అన్నారు ప్రాజెక్టు గైడు వెంకటేశం సార్.

"పోనివ్వండి సార్."

చక్కెర తగ్గించింది. లోపలి నీళ్లకూ బయటి నీళ్లకూ సమానం కుదిరేదాకా ఇరవై ఏడుసార్లు చేసింది. సీసాలను ఎండ తగిలే కిటికీలో ఉంచింది, స్కూటీ డిక్కీలో తిప్పింది.

ఆఖరిసారి చేసిన సీసాలో, నలభయ్యో రోజున అడుగున మిగిలిన చెంచా రుచి చూసింది. తియ్యగా ఉంది!

నీలాకు చెబుదామంటే రిజిస్టరులో పేరు తప్ప ఫోన్ నంబరు లేదు.

అనుమతులన్నీ వచ్చేసరికి ఏడాది దాటింది.

సూర్యాపేట దవాఖానలో మొదటి పిల్లవాడు బాల్యా, ఏడేళ్లవాడు. తాత భీమ్లా ఒళ్లో పెదవులు బిగించి కూర్చున్నాడు. డాక్టర్ ఊర్మిళ కావాలనే నెలనాటి సీసా అడుగు నుంచి చెంచాలో పోసింది.

వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నాలుక కొసతో తాకాడు. మింగాడు. కళ్లు తెరిచాడు.

"ఇంకో చెంచా!"

వార్డంతా గొల్లున నవ్వింది. నర్సులు చప్పట్లు కొట్టారు.

"గెలిచినవ్ బిడ్డా!" అన్నారు వెంకటేశం సార్.

స్వప్న కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఇన్నాళ్లూ ఆ చేదు మందు వీడికి ఎలా తాగించారు తాతా?"

"వాళ్లమ్మ ముందుగాల తన నాలికకు రాసుకొని, తియ్యగుంది సూడురా అని నవ్వి సూపిచ్చేది మేడమ్. నాలుగేండ్ల సంది గదే పని."

"మరి ఆమె రాలేదా?"

"నాట్లకు పోయింది. మీకు ఎర్కే గదా మేడమ్, మీ కాలేజీకి మస్తుసార్లు వచ్చింది... మా కోడలు నీలా."