రెండు దగ్గులు

దగ్గుతున్న గుర్రం బకెట్‌తో జాకీ పక్క గుర్రానికి నీళ్లు పెట్టబోయాడు. గుర్రాల సాలలో మేతా మందూ చూసే అతని బావమరిది పార ఎత్తి, ఆ మణికట్టు మీద ఒక్కటి వేశాడు.

ఎముక పుటుక్కుమంది. బకెట్ దొర్లిపోయింది. జాకీ పేడలో కూలబడ్డాడు.

"బకెట్ కోసం చెయ్యి విరగ్గొడతావురా?"

"దాని బకెట్ దానికే అని ఎన్నిసార్లు చెప్పాలి బావా? దగ్గు అంటుకుంటుంది."

"రెండు దగ్గులకే ఇంత రాద్ధాంతమా? జ్వరం లేదు, మేత మానలేదు. రేపు పందెంలో..."

లేవబోతున్న వాడి ఛాతీ మీద బావమరిది కాలు పెట్టి తోశాడు.

"అక్క మొహం చూసి ఒక్క చేత్తో వదిలేస్తున్నా. పో."

జాకీ వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తిట్టుకుంటూ ఆస్పత్రికి ఆటో ఎక్కాడు.

బావమరిది పార గోడకి ఆనించాడు. దుమ్ము లేవకుండా ఎండుగడ్డి నీళ్లలో ముంచి గుర్రం ముందు పెట్టాడు. అది మెడ చాచి రెండుసార్లు దగ్గింది.

"డాక్టరు నీకు పదిహేను రోజులు పరుగు వద్దన్నాడు," అంటూ దాని మెడ నిమిరాడు. "నిన్నంతా బావ కాళ్లు పట్టుకుని చెప్పా, వినలేదు. నీ మీద ఆయన తప్ప ఇంకెవరూ నిలవలేరు. ఎముక అతకడానికి ఆరు వారాలైనా పడుతుందిలే."

తర్వాత గడ్డిమోపుల వెనక్కి వెళ్లి, పొద్దున్నే తను దాచిన పక్క గుర్రం బకెట్ తెచ్చి, దాని చోట దాన్ని పెట్టాడు.