పొడుగు పిడుల రివెట్ గన్

"బ్యాటరీది తీసుకోమ్మా. బటన్ నొక్కితే పనైపోద్ది," అంటూ జార్జి ఆ పెట్టెని ట్రాలీలో పెట్టేశాడు.

కరోలిన్ దాన్ని తీసి మళ్ళీ కౌంటరు మీద పెట్టింది.

కానింగ్ వేల్‌లో పనిముట్లమ్మే ఆ షాపుకి వాళ్ళు వచ్చి అరగంటైంది. రేకుల్ని కలిపి బిగించే రివెట్ గన్నులు మూడు రకాలు బయటికి తీశాడు షాపతను. వాటి గురించి చెబుతున్నంతసేపూ జార్జి మొహమే చూశాడు. కరోలిన్ రెండుసార్లు ఓర్చుకుంది. మూడోసారి, పట్టుకునే చేతులు తనవని, తనవైపు తిరిగి చెప్పమని నెమ్మదైన ఇంగ్లీషులో అడిగింది. అతను సారీ చెప్పి తిరిగాడు.

బాగుచెయ్యాల్సింది ఓ పాత కారవాన్‌ని, కారు వెనక తగిలించుకుపోయే బండి ఇంటిని. పందొమ్మిది వందల అరవైల నాటిది, అల్యూమినియం రేకు ఒళ్ళు, గుండ్రటి మూలలు. కరోలిన్ తన గాజులమ్మి కొనుక్కుంది. ఆర్నెల్లుగా అది హారిస్‌డేల్‌లో జార్జి ఇంటి ముందు నిలబడి ఉంది. పైకప్పు అతుకు దగ్గర రివెట్లు వదులైపోయి, వానొస్తే లోపల బక్కెట్లు పెట్టాల్సి వస్తోంది. ఆ అతుకు బిగించి, ఫస్టియర్ పరీక్షలు కాగానే సముద్రం పక్కనే ఆల్బనీ ఊరి దాకా ఒక్కతే వెళ్ళిరావాలని ఆమె పంతం. రేకు పని నేర్పే కాలేజీలో చేరిందీ అందుకే. జార్జికి ఆ చదువూ నచ్చలేదు, ఆ ప్రయాణమూ నచ్చలేదు.

"ఈ వయసులో ఒంటరిగా రోడ్లు పట్టుకు తిరగడమేంటమ్మా? సండే చర్చిలో లాజరస్ గారు పక్కకి పిలిచి అడిగారు, మీ ఇంట్లో గన్ కొంటున్నారంట ఏంటని. ప్రేయర్ లిస్టులో కూడా పెట్టారంట."

"రేకులకి కొట్టేదని చెప్పలేకపోయావా నాన్నా?"

"చెబితే ఇంకా ఎక్కువ జాలిపడ్డారు."

కరోలిన్‌కి నవ్వొచ్చింది గాని బయటపడనివ్వలేదు. జార్జి గొంతు తగ్గించి, పాత సామాను కొనేవాళ్ళతో తను మాట్లాడేశాడని, శనివారం వచ్చి కారవాన్ తీసుకుపోతారని చెప్పాడు. ఇంటి ముందు ఆ డొక్కుని ఇంక చూడలేనన్నాడు. ఆమెకి తనేం తక్కువ చేశాడో చెప్పమన్నాడు.

"తక్కువేం చెయ్యలేదు, ఎక్కువే చేశావు," అంది కరోలిన్. "ఒక్కదాన్నీ బయటికెళ్ళొద్దన్నావు, వెళ్ళలేదు. ఇంటి పట్టునే ఉండమన్నావు, ఉన్నాను. ఈ దేశమొచ్చిన మూడేళ్ళూ నువ్వు చెప్పినట్టే విన్నాను. ఇంక వినను నాన్నా."

జార్జి ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"శనివారం వాళ్ళు రాకముందే అతుకు బిగిస్తాను. నువ్వే పైపుతో నీళ్ళు కొట్టు. లోపల ఒక్క చుక్క పడితే నేనే తలుపు తీసి వాళ్ళకిచ్చేస్తాను. పడకపోతే నా దారికి అడ్డం రావద్దు."

"మాటేనా?"

"మాటే."

"అయితే బ్యాటరీది తీసుకో. నీ మంచికే చెబుతున్నా. నీ చేతుల్లో బలమెక్కడుంది?"

కరోలిన్ సంచిలోంచి కన్నాలు వేసిన రేకు ముక్కలు నాలుగు తీసింది. కాలేజీ వర్క్‌షాపులో మిగిలినవి. ఒంటిచేత్తో నొక్కే చిన్న గన్నుని ముందే పక్కకి జరిపింది. ముప్ఫై రివెట్లకే మణికట్టు మొరాయిస్తుందని ఆమెకి క్లాసులోనే తెలిసింది. పైకప్పు అతుక్కి రెండొందలు కొట్టాలి.

బ్యాటరీ గన్నుతో ఓ జత రేకుల్ని బిగించింది. రెప్పపాటులో అయిపోయింది. జార్జి చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆమె రెండు రేకుల మధ్య గోరు పెట్టింది. గోరు దూరింది.

"రేకులు పూర్తిగా దగ్గరికి రాకముందే లాగేసింది. నీళ్ళకి ఈ సందు చాలు."

తరవాత మూడోది అందుకుంది. తోటలో కొమ్మలు కత్తిరించే కత్తెరలా పొడుగు పిడులున్నది. రెండు చేతులతో పిడులు నెమ్మదిగా దగ్గరికి తెస్తుంటే, రేకు రేకుని ఆనుకోవడం అరచేతులకి తెలిసింది. అప్పుడు బరువంతా వేసింది. బిగుసుకున్న గుర్తుగా రివెట్టు లోపలి మేకు టక్కున తెగింది. ఈసారి గోరు దూరలేదు.

"ఇది చాలు. రివెట్లు కూడా అల్యూమినియంవే ఇవ్వండి, నీళ్ళు దూరకుండా చివర మూసి ఉన్నవి," అంది షాపతనితో. సముద్రపు గాలికి స్టీలు రివెట్లు ఈ రేకుని తినేస్తాయని జార్జికి వివరించింది. అతను వినకుండా ఫోన్ చూసుకున్నాడు.

రెండు సాయంత్రాలు నిచ్చెన మీదే గడిపింది. అతుకు పొడుగునా మైనంలాంటి జిగురు పూసి, ఒక్కో రివెట్టు బిగించి, ప్రతి దాని పక్కా గోరు పెట్టి చూసింది. అనుమానం వచ్చిన పదకొండింటిని డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొట్టింది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తే చెయ్యూపింది. జార్జి కిటికీ తెర మూసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం అతనే పైపు పట్టుకుని నిచ్చెనెక్కాడు. కరోలిన్ కాలేజీ పుస్తకం తీసుకుని కారవాన్ లోపల సరిగ్గా అతుకు కిందే కూచుంది. సముద్రం మీంచి గాలి రేగి, కొట్టిన నీళ్ళలో సగం జార్జి మీదికే తిప్పికొట్టింది. అయినా వదల్లేదు. ఇరవై నిమిషాలు కొట్టాడు, రెండు చోట్ల పైపు ఆనించి మరీ కొట్టాడు.

తరవాత నీళ్ళోడుతూ లోపలికొచ్చాడు. అతుకు పొడుగునా అరచెయ్యి పెట్టి రాశాడు. పరుపులెత్తి చూశాడు. కరోలిన్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆమె పేజీ మీద ఒక్క చుక్క లేదు.

జార్జి పాత సామాను వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

"రోజూ ఫోన్ చెయ్యాలమ్మా."

"చేస్తాను నాన్నా. నువ్వు వేళకి తిను."

పుస్తకం మూసి, తల తుడుచుకోమని తువ్వాలు అందించింది కన్నకొడుక్కి.