మూత తీయని వంటవాడు

బోటు బయలుదేరే వేళకు వంటవాడు ఫోన్ చేశాడు. మస్కట్‌లో పని దొరికిందని, ఇక రానని చెప్పాడు.

త్రిమూర్తులు తల పట్టుకున్నాడు. అంతర్వేదిలో అతనికున్నది ఒక్కటే బోటు. దానికి యజమానీ అతనే, నడిపే సరంగూ అతనే. ఒకసారి వెళితే వారం దాకా ఒడ్డుకు రాడు. కళాసీలు ఏం లేకపోయినా సర్దుకుంటారు గానీ అన్నం లేకపోతే ఊరుకోరు.

రేవు గట్టు మీద ఒక పెద్దాయన సంచీతో నిలబడి ఇదంతా వింటున్నాడు. తన పేరు అప్పలస్వామి అనీ, ఊరు ఉప్పాడ దగ్గరనీ, వంట చేస్తాననీ చెప్పాడు.

"ఏం వండుతావు బాబాయ్?"

"మీరేం పడితే అదేనండి."

త్రిమూర్తులు మారుమాట లేకుండా ఎక్కించుకున్నాడు.

మొదటిరోజు మధ్యాహ్నం వంజరం చేపల పులుసు వాసనకు కళాసీలంతా కంచాలు పట్టుకుని చేరారు. అప్పలస్వామి గిన్నె మూత మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళకే అన్నం అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చెయ్యీ తీయలేదు.

జాకెట్ల కోసం వెతుకులాట మొదలైంది. ఒకటి కళాసీ అబ్బులు తలకింద దిండుగా దొరికింది. ఇంకొకటి ఇంజను దగ్గర నూనె తుడిచే గుడ్డ అయిపోయింది. త్రిమూర్తులు జాకెట్ దొరికింది గానీ పొట్ట దగ్గర కలవలేదు. అప్పలస్వామి తాడుముక్క తెచ్చి, రెండు అంచుల్నీ లాగి ముడివేశాడు. అప్పుడు మూత తీశాడు.

పులుసు నోట్లో పడ్డాక ఎవరికీ కోపం నిలవలేదు.

మర్నాడు పొద్దున్న వల లాగే వేళయింది. రాత్రంతా పనిచేసిన అబ్బులు అప్పుడే ఒరిగాడు. లేపమని త్రిమూర్తులు వంటవాడికి పురమాయించాడు.

"ఇప్పుడే పడుకున్నాడండి. లేపనండి."

"పనివేళ నిద్రేంటి బాబాయ్?"

సముద్రం మీద పనిచేసేవాడికి రోజులో పది గంటల విశ్రాంతి ఉండాలని దేశదేశాలవాళ్ళూ కూర్చుని రాసుకున్నారని అప్పలస్వామి చెప్పాడు. మంచినీళ్ళు, మందులపెట్టె, కడుపునిండా తిండి కూడా అందులో ఉన్నాయట. కాకినాడలో ఒక మీటింగులో విన్నాడట.

"పది గంటలు పడుకుంటే వాడు కళాసీ కాదు, కుంభకర్ణుడు. ఆ దేశాలన్నీ వచ్చి నా వల లాగుతాయా?"

"లాగవండి. నేను లాగుతాను."

గరిటె పక్కన పెట్టి, పంచె ఎగ్గట్టి వల అందుకున్నాడు. లాగాడు కూడా. కళాసీలు నోరు తెరుచుకుని చూశారు. ఇంత బాగా వల లాగే వంటవాణ్ణి వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఇంతవరకూ త్రిమూర్తులు ఓర్చుకున్నాడు. టీ దగ్గర మాత్రం ఓర్చుకోలేకపోయాడు. స్టీరింగ్ దగ్గర కళ్ళు మూతలు పడుతుంటే టీ తెమ్మన్నాడు. అప్పలస్వామి తేలేదు. టీ తాగితే మీరు పడుకోరండి, స్టీరింగ్ అబ్బులుకి ఇచ్చి కాసేపు ఒరగండి అన్నాడు. సొంత బోటు మీద, సొంత టీపొడితో టీ దొరక్కపోవడం త్రిమూర్తులు జీవితంలో అదే మొదలు.

రేవుకు రాగానే, నువ్వు బోటు దిగిపో బాబాయ్, లేకపోతే నేనే దిగిపోవాల్సొచ్చేలా ఉంది అన్నాడు.

"ఆయ్, అలాగేనండి," అని అప్పలస్వామి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి వేటకు కొత్త వంటవాడు వచ్చాడు. అడిగినన్నిసార్లు టీ ఇచ్చాడు. పులుసు మాత్రం నీళ్ళలా ఉండేది. అయినా కళాసీలు అలవాటు కొద్దీ జాకెట్లు వేసుకునే కంచాల ముందు కూర్చునేవారు. వాళ్ళను చూసి త్రిమూర్తులూ తాడు ముడివేసుకునేవాడు. అబ్బులు తనకు తనే విశ్రాంతి వేళలు పెట్టేసుకున్నాడు. అడిగితే, "దేశాలు రాసుకున్నాయంటండి," అనేవాడు.

ఒక మధ్యాహ్నం భోంచేసి, టీ మీద టీ తాగి, త్రిమూర్తులు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. టీకి కూడా లొంగని కునుకు పట్టింది. బోటు ఒక్కసారిగా ఒరిగింది. అతను అంచు మీద నుంచి జారి సముద్రంలో పడ్డాడు.

మునగలేదు. భోజనానికి కట్టుకున్న జాకెట్‌తో కొబ్బరిబోండంలా తేలాడు. అప్పుడే నిద్రలేచి హుషారుగా ఉన్న అబ్బులు బోటు తిప్పి, తాడు విసిరి లాగాడు. పైకి తేవడానికి కళాసీలందరూ పట్టాల్సి వచ్చింది.

ఒడ్డుకు వచ్చాక త్రిమూర్తులు ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు కట్టించుకుని, బస్సెక్కి ఉప్పాడ వైపు వెళ్ళాడు. ఊళ్ళో అడిగితే ఒక పెంకుటిల్లు చూపించారు. అప్పలస్వామి లేడు. భార్య పెద్దింట్లమ్మ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. ఆయన వేరే బోటు ఎక్కేరని, ఏ రేవులో దిగుతారో తనకూ తెలియదని చెప్పింది.

త్రిమూర్తులు పొట్లం ఆమె చేతికిచ్చి జరిగిందంతా చెప్పాడు. ఆయన్ని మళ్ళీ తన బోటు మీదకే పంపమని బతిమాలాడు. బాబాయ్ వంట ఎక్కడ నేర్చేరండి, అలాంటి పులుసు మళ్ళీ తినలేదండి అన్నాడు.

ఆమె పొట్లం గూట్లో పెట్టి వచ్చింది.

"ఆయన వంటవాడు కాదు బాబూ, సొంత బోటుకి సరంగండి, ఆయన నిద్రపోనివ్వకపోతే మా పెద్దకొడుకు వల లాగుతూ నిలబడే కునుకుపట్టి నీళ్ళలో పడి మళ్ళీ తేలకపోయేక, బోటు అమ్మేసి, ఏ సరంగూ వంటవాణ్ణి వద్దనడని, నా దగ్గర కూర్చుని ఈ పులుసు నేర్చుకున్నారండి."