వెనకాలే వచ్చే కారు

"అదిగో, ఇవాళ కూడా తగులుకున్నాడు!"

కోటిరత్నం అరుపుకి ఆటోలో ఆడవాళ్లంతా వెనక్కి తిరిగారు.

మిరపకోతలు ముగించుకుని నల్లపాడు వెళ్తున్న కూలీల ఆటో అది. లోపల పట్టినంతమంది పట్టగా, మిగిలినవాళ్లు వెనక చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఆ చివర కోటిరత్నం కూతురు అఖిల.

చీకటి పడుతోంది. వెనకాల తెల్లకారు. దాటిపోదు, ఆగిపోదు. పసుపు లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ నత్తలా వస్తోంది.

వారం నుంచీ ఇదే వరస.

"కారున్నోడికి ఆటో వెనకాల ఏం పనే? ఆ లైట్లు కొట్టడమేంటి, సైగలా? వాడి చూపంతా మన అఖిల మీదే!"

"అమ్మా, ఆయన తాతంత ఉన్నాడే."

"వయసుదేముంది, బుద్ధుండొద్దూ! నువ్వు చున్నీ సర్దుకో."

కోటిరత్నం కూలీల మేస్త్రి. ఇంతమంది ఆడవాళ్లని తీసుకెళ్లి క్షేమంగా ఇళ్లకి చేర్చే పూచీ ఆమెది. కన్నకూతురి సంగతి ఇక చెప్పాలా!

"ఒరేయ్ యలమందా, ఆపరా బండి!"

ఆటో ఆగింది. కారూ ఆగింది. తెల్లజుట్టు పెద్దాయన దిగాడు.

"ఏమయ్యా, కూలోళ్లంటే అంత అలుసా? ఎందుకు మా వెంట పడుతున్నావ్?"

"వెంటపడటం కాదమ్మా. మీ ఆటోకి వెనక లైటు లేదు. వచ్చే బండ్లకి మీరు కనపడరు. అందుకని..."

"ఆహాహా! లైటు కోసం వచ్చాడంట, విన్నారా!"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. యలమంద మాత్రం నవ్వలేదు. దసరాకి పగిలిన లైటు, ఇవాళ రేపు అంటూ ఇంతవరకూ వేయించలేదు మరి.

"నా బండి సంగతి నీకెందుకు పెద్దాయనా? పో, పో!" అని కసిరాడు.

"సరే బాబూ. కనీసం ఆ చివర పిల్లనైనా లోపల కూర్చోబెట్టండి."

అంతే, కోటిరత్నానికి ఒళ్లు మండిపోయింది.

"చూశారా! నోటితోనే బయటపెట్టుకున్నాడు!"

రోడ్డు పక్క కంకరరాయి తీసి విసిరింది. కారు ముందు లైటు భళ్లున పగిలింది.

పెద్దాయన పగిలిన లైటుని తడిమి చూసుకుని కారెక్కాడు.

మర్నాడు సాయంత్రం కారు రాలేదు.

"రాయి పడితేగానీ బుద్ధి రాలేదు!" అని మురిసిపోతూ కోటిరత్నం వెనక్కి చూసింది. ఈ రోడ్డు ఇంత చీకటిగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

మలుపులో వెనకనుంచి వచ్చిన మిర్చి బస్తాల లారీ హారన్ కూడా కొట్టలేదు.

అఖిల బతికింది. కాలు నిలుస్తుందో లేదో పెద్ద డాక్టరు వచ్చాక చెబుతామన్నారు.

తెల్లారి ఆస్పత్రికొచ్చిన కానిస్టేబుల్ మీద పడి ఏడ్చింది కోటిరత్నం.

"ఇది ఆ తెల్లకారోడి పనేనయ్యా! రాయి విసిరానని పగబట్టి లారీవాణ్ణి ఉసిగొలిపాడు. పట్టుకోండయ్యా వాణ్ణి!"

"పసుపు లైట్లు వేసుకుని ఆటోల వెనకాల వస్తుంటాడు, ఆయనేనా?"

"ఆఁ, వాడే!"

కానిస్టేబుల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"బాపయ్యగారమ్మా. లైటు లేని కూలీల ఆటో కనపడితే చాలు, వెనకనుంచి ఏ బండీ గుద్దకుండా ఊరుదాకా కాపలా వస్తాడు. నిన్న నాకు ఫోన్ చేశాడు. 'కారు లైటు పగిలింది, ఇలాంటి బండిని రోడ్డెక్కించలేను, ఈ ఒక్కపూటకి నువ్వు ఆ ఆటో వెనక వెళ్లు నాయనా' అని బతిమాలాడు. చాదస్తం అనుకున్నాను."

కోటిరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయనకి... మేమేమవుతామయ్యా?"

"పోయిన కోతలప్పుడు అదే మలుపులో లైటు లేని కూలీల ఆటోని ఒక కారు గుద్దింది, గుర్తుందా? ఆ కారు నడిపింది ఆయన కొడుకే. 'కనపడలేదు నాన్నా' అంటూనే పోయాడంట."